కాలిన ఊరికి పెళ్ళిచూపులు

మా ఆయనకు ఆర్వీ పిచ్చి పట్టిన వేసవి అది. ఆర్వీ అంటే తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్తాను: ముందు లారీ, వెనక కాపురం. స్టవ్వు, ఫ్రిజ్జు, మంచాలు, బాత్రూము అన్నీ అందులోనే ఉంటాయి, వారం రోజులకు అద్దెకిస్తారు. కెనడాలో, మా కాల్గరీలో తెలుగువాళ్ళ సంగతి తెలిసిందే. ఒకరు అలాంటి బండి తీసుకుని సరస్సు ఒడ్డున ఫొటో దిగి వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే, ఆ ఎండాకాలం పోయేలోగా పదిళ్ళవాళ్ళు అదే సరస్సు ఒడ్డున అదే ఫొటో దిగాల్సిందే. అందరూ పడమటికి, కొండల్లోకి పోయారు. మేం ఉత్తరానికి పోయాం, రెండేళ్ళ కింద అడవిమంటల్లో వీధులకు వీధులు కాలిపోయిన ఒక ఊరికి. ఊరి పేరు రాయను. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది.

సెలవులకు వెళ్తున్నామని మా ఆయన అనుకున్నారు. పదమూడేళ్ళ మా అమ్మాయీ అలాగే అనుకుంది. నేను మాత్రం పెళ్ళిచూపులకు వెళ్ళాను. పెళ్ళికూతురు మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న స్టూడెంటు పిల్ల. పెళ్ళికొడుకు ఆ ఊరు.

అవి కాల్గరీలో ఏ ఇంటి బేస్‌మెంట్ తలుపు తట్టినా ఒక తెలుగు స్టూడెంటు తొంగిచూసే రోజులు. సెప్టెంబరులో ఒక విడత, జనవరిలో ఒక విడత దిగేవాళ్ళు. బేస్‌మెంట్‌లోకి దిగే పక్క తలుపుల దగ్గర బూట్లు గుట్టగా పడి ఉండేవి. శుక్రవారం సాయంత్రం మా వీధిలో నడుస్తుంటే ఒక కిటికీలోంచి ఇంగువ పోపు, ఇంకో కిటికీలోంచి మాడిన చికెన్ కూర వాసన వచ్చేవి. బస్సులో వెనక సీట్లో ఎవరో ఒకరు కాఫీ షాపు యూనిఫాంలోనే నిద్రపోతూ కనిపించేవారు. లేపి, మీ స్టాప్ వస్తోంది చూసుకోండి అని చెప్పడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు మా బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ ఉంది. దాని మీద బట్టలు ఆరేసుకుంటాం.

మా పిల్ల (అప్పుడూ అలాగే అనేదాన్ని, ఇప్పుడూ అలాగే అంటాను) కరీంనగర్ దగ్గర ఒక చిన్న ఊరి నుంచి వచ్చింది. వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్ళను చూసుకునే కోర్సు చదివేది. మా ఇంట్లో ఉన్న రెండేళ్ళూ, రోజూ సాయంత్రం ఆరింటికి మెట్లెక్కి వచ్చి, బేస్‌మెంట్ తలుపు తెరిచి, పై మెట్టు మీద కూర్చునేది. వంటింట్లోకి రమ్మంటే రాదు, కిందికి పొమ్మంటే పోదు. "ఆంటీ, ఇయ్యాల ఏం కూర?" అని మొదలుపెట్టి, క్లాసులో ఎవరేమన్నారు, ప్రాక్టికల్స్‌లో ఏ ముసలమ్మ తన చెయ్యి పట్టుకుని వదల్లేదు, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పేది. నేను చపాతీలు వత్తుతూ వినేదాన్ని. మా అమ్మాయిని తెలుగులో పది ప్రశ్నలడిగితే ఇంగ్లీషులో ఒక ముక్క రాలుతుంది. అదీ "ఫైన్" అని. ఈ పిల్ల ఒక ప్రశ్నకు పది జవాబులు చెప్పేది. కన్నకూతురు ఉండగా ఇలా అనకూడదు గానీ, ఆరయ్యేసరికి నా చెవులు ఆ మెట్ల మీదే ఉండేవి.

కోర్సు అయిపోయింది. వర్క్ పర్మిట్ వచ్చింది. కాల్గరీలో ఇక్కడో పూట షిఫ్టు, అక్కడో పూట షిఫ్టు తప్ప ఏమీ దొరకలేదు. పీఆర్‌కు, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేయాలంటే నికరమైన ఉద్యోగం ఉండాలి. సరిగ్గా అప్పుడే ఆ ఉత్తరాది ఊళ్ళోని వృద్ధాశ్రమం నుంచి ఆఫర్ వచ్చింది. ఫుల్‌టైమ్, పర్మనెంట్. ఉండటానికి ఒకావిడ ఇంట్లో గది కూడా వాళ్ళే చూసిపెట్టారు. పది రోజుల్లో ఏ సంగతో చెప్పమన్నారు.

పిల్ల తల్లి అంగన్‌వాడీ టీచరు. ఆఫర్ సంగతి వినగానే ఆ ఊరి పేరు ఫోన్‌లో కొట్టి చూసిందట. రోడ్డుకు రెండు పక్కలా మంటలు, మధ్యలో కార్ల వరస. ఆ వీడియో చూశాక ఏ తల్లికి కంటి మీద కునుకుంటుంది? నాకు ఫోన్ చేసింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం ఫోన్‌లో తప్ప చూసుకున్నది లేదు, అయినా మొదటి రోజు నుంచీ వదినా అంటే వదినా అనుకునేవాళ్ళం.

"వదినా, నా బిడ్డ ఒక్కతే పోతనంటున్నది. నేనైతే వచ్చి చూడలేను. మీరు పోయి చూడండి. ఇల్లు ఎట్లున్నది, నీళ్ళు ఎట్లున్నయి, చుట్టుపక్కల మనుషులు ఎసుంటోళ్ళు. మీరు మంచిగున్నదంటే పోతది. వద్దంటే పోదు. దానికి కూడ గదే చెప్పిన."

పిల్ల పై మెట్టు మీద కూర్చుని తల ఊపింది. తల్లి మాట జవదాటే రకం కాదది.

మా తెనాలి వైపు, పిల్లనిచ్చే ముందు ఆడవాళ్ళు వెళ్ళి అబ్బాయి ఇల్లు చూసొస్తారు. అబ్బాయి ఎలా ఉన్నాడన్నది తర్వాత సంగతి. ముందు నీళ్ళ వసతి చూస్తారు. పొరుగింటావిడను మాటల్లో పెట్టి కూపీ లాగుతారు. కాఫీ తాగి, గ్లాసు అడుగు ఎలా తోమారో తిప్పి చూస్తారు. మా మేనత్త ఆ విద్యలో ఆరితేరిన మనిషి. ఆవిడ వెనక రెండు మూడు ఇళ్ళకు వెళ్ళి నేనూ కాస్త నేర్చుకున్నాను. అది కెనడాలో పనికొస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

నిజం చెప్పేస్తాను. వద్దని చెప్పడానికే బయల్దేరాను. సంబంధం చెడగొట్టాలనుకున్నవాళ్ళకు వంకలకేం కరువు? వెళ్ళేటప్పుడు నలుగురం, వచ్చేటప్పుడూ నలుగురమే అని మనసులో రాసేసుకున్నాను. పిల్ల రెండు సూట్‌కేసులు సర్దుకుంటే, ఆర్వీలో చోటు లేదని అబద్ధమాడి ఒకటి బేస్‌మెంట్‌లోనే ఉంచేయించాను. పిల్ల మంచికే చూస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. లోపల ఉన్నది మాత్రం ఆరింటికి ఆ మెట్టు ఖాళీగా ఉంటుందన్న దిగులు.

మా ఆయన ఆర్వీ నడిపే తీరు తిరునాళ్ళలో రథం లాగినట్టు ఉంటుంది. వెనక లారీలు హారన్లు కొడుతుంటే, "పోనీ నాయనా, నువ్వే పో" అని వాటికి తెలుగులో చెప్పేవారు. మొదటి మలుపులోనే ఫ్రిజ్ తలుపు తెరుచుకుని గోంగూర పచ్చడి సీసా కింద పడి పగిలింది. తలుపుకు గడియ పెట్టాల్సింది ఎవరన్న దాని మీద మూడు వందల కిలోమీటర్లు, ఎడ్మంటన్ దాకా వాదించుకున్నాం. వెనక సీట్లో మా అమ్మాయి ఇంగ్లీషులో అడుగుతోంది, పిల్ల తెలుగులో చెప్తోంది, ఇద్దరూ ఒకే ఫోన్‌లోకి చూస్తూ పడి పడి నవ్వుతున్నారు. ఎడ్మంటన్ దాటాక ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రికి ఆగాం. గోంగూర వాసన పట్టిన ఆ ఇరుకు పెట్టెలో నలుగురం ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకుంటూ ఉప్మా చేసుకుని తిన్నాం. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడైనా ఉన్నానా అంటే గుర్తు రావడం లేదు. అప్పుడు మాత్రం ఆ సంగతి తెలియలేదు. గోంగూర గురించి ఇంకా కోపంగానే ఉన్నాను.

ఊరు ఇంకో గంట ఉందనగా చెట్లు నల్లబడ్డాయి. కొమ్మల్లేని నల్లటి కర్రలు, చూసినంత మేరా నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్ళలో నడుమెత్తున గులాబీరంగు పూలు. కాలిన నేలలో ముందుగా లేచే మొక్క అదేనని, దాన్ని ఫైర్‌వీడ్ అంటారని మా అమ్మాయి చెప్పింది. మా ఆయన వేగం ఇంకా తగ్గించారు. ఎవరం ఫొటో తీయలేదు. రావడానికీ పోవడానికీ అదొక్కటే రోడ్డు. ఊరికి ఒకటే దారి అని నా మొదటి వంక అక్కడే పట్టుకున్నాను.

పిల్లకు గది ఇస్తానన్నావిడ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. అరవై దాటాయి, ఒక్కతే ఉంటుంది. ఆవిడ ఇల్లు మంటల్లో పోతే, అదే చోట మళ్ళీ కట్టుకుంది. ఆ వీధిలో పాతదంటూ ఏదీ లేదు. కొన్ని ఇళ్ళు పూర్తయ్యాయి, కొన్నింటికి ఇంకా బయట ప్లాస్టిక్ చుట్టి ఉంది, మధ్య మధ్య ఖాళీ స్థలాలు. ఎక్కడో ఒకచోట మేకులు కొడుతూనే ఉన్నారు. పెద్ద చెట్టు ఒక్కటీ లేదు. ఇళ్ళ ముందు కర్రలకు కట్టిన మొక్కలు, నా భుజం దాటనివి.

మా ఆర్వీని ఆవిడ తన ఇంటి పక్కనున్న ఖాళీ స్థలంలో పెట్టుకోమంది. అక్కడుండేవాళ్ళు మళ్ళీ కట్టుకోకుండా వెళ్ళిపోయారట, స్థలం ఆవిడకు అప్పగించి. గులకరాళ్ళు పరిచిన చదునైన నేల. మేం ఆర్వీ ఆపి, పక్కనుంచి గుడ్డ పందిరి లాగి, కింద మడత కుర్చీలు వేస్తుంటే, ఎదురు స్థలంలో ట్రెయిలర్‌లో ఉంటున్న పెద్దాయన వచ్చి పలకరించాడు.

"మీ ఇల్లు ఎప్పటికి పూర్తవుతుందన్నారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

నేను తెల్లముఖం వేశాను. ఆయన ఇల్లు ఇంకా గోడల దగ్గరే ఉందట. రెండు చలికాలాలు ఆ ట్రెయిలర్‌లోనే గడిపాడట. మేమూ ఇల్లు పోయినవాళ్ళమే, కట్టుకోవడానికి వచ్చి ఆర్వీలో కాపురం పెట్టామనుకున్నాడు. సెలవులకు వచ్చామని మా ఆయన గొణిగారు. "మంచిది, మంచిది, ఈ వారమంతా ఎండ బాగుంటుంది," అని ఆయన మర్యాదగానే చెప్పి వెళ్ళిపోయాడు. నేను మడత కుర్చీలు మళ్ళీ మడిచి లోపల పెట్టేశాను.

తర్వాత ఇల్లు చూశాను. చూడటమంటే మా మేనత్త చూసినట్టు చూశాను. కుళాయి తిప్పి చన్నీళ్ళూ వేణ్ణీళ్ళూ ధార ఎలా ఉందో చూశాను. గది తలుపు గడియ రెండుసార్లు వేసి తీశాను. బస్ స్టాప్ దాకా నడిచి వచ్చాను. ఇంటావిడ చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది, పెదవుల్లో నవ్వు దాచుకుంటూ. వంక దొరకలేదు. టీ కలపబోయి సొరుగు తెరిస్తే స్పూన్లన్నీ ఒకే జత. ఏ ఇంటి సొరుగులోనైనా జత కలవని స్పూన్లు నాలుగైనా ఉంటాయి, ఎవరింటి నుంచో గిన్నెతో పాటు వచ్చి ఉండిపోయినవి. ఆవిడ సొరుగులో ఒక్కటి కూడా లేదు. గోడ మీద ఫొటోలూ ఈ రెండేళ్ళలో తీసినవే. అది చూశాక కాసేపు ఏమీ వెతకబుద్ధి కాలేదు.

కానీ అలవాటు ఊరుకోనివ్వదు కదా. వాకిలి తలుపు పక్కనే బాగా కుక్కిన వీపుసంచి ఒకటి, దాని పక్కన పిల్లిని తీసుకెళ్ళే బుట్ట ఉన్నాయి. ఎక్కడికైనా ప్రయాణం పెట్టుకున్నావా అని అడిగాను. లేదంది. దారికడ్డంగా సామాను పెట్టుకునే మనిషి, పొందిక తక్కువ అని రెండో వంక పెట్టాను.

"ఇక నేనొక ప్రశ్న అడగాలి," అంది ఇంటావిడ. నన్ను వదిలేసి పిల్ల వైపు తిరిగింది. "నేను కారెక్కు అన్నాననుకో. ఎందుకని అడక్కుండా ఎక్కుతావా?"

పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, ఎక్కుతాను అంది.

"అయితే గది నీదే," అంది ఆవిడ.

వంట ఎవరు చేస్తారు, చుట్టాలు వస్తారా, రాత్రి ఎన్నింటికి ఇంటికొస్తావు అని అడగాల్సిన చోట ఇదేం ప్రశ్న? మనిషి కొంచెం తిక్క అని మూడో వంక కూడా చేతికొచ్చింది.

ఆ సాయంత్రం ఆరింటికి ఇంటావిడనూ, ఎదురు ట్రెయిలర్ పెద్దాయననూ ఆర్వీలో భోజనానికి పిలిచాం. ముద్దపప్పు, నెయ్యి, బంగాళాదుంపల వేపుడు. పెద్దాయన మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఇంటావిడ పిల్ల జడ చూసి, ఇంత పొడుగు జుట్టు నేనెక్కడా చూడలేదని మెచ్చుకుంది. ఎంత చక్కని పిల్ల, ఎంత చిన్న పిల్ల అని ఇద్దరూ అన్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక నాకు మనసు కీడు శంకించింది. కొత్త ఊరు, కొత్త కళ్ళు. దిష్టి తీస్తానన్నాను. నా మూడు వంకల్లోనూ పస లేదని నాకు అప్పటికే తెలిసిపోయింది. పిల్ల ఇక్కడే ఉండిపోతుందన్న భయం పట్టుకుంది. చేతికి ఏదో ఒక పని కావాలి.

దిష్టి తీయడానికి సందెవేళ మంచిది. ఆ ఊళ్ళో వేసవిలో రాత్రి పదింటిదాకా పొద్దు గుంకదు. సందెవేళ కోసం కూర్చుంటే ఎప్పటికీ రాదు, ఎండ పెళపెళలాడుతూనే ఉంది. ఎండలోనే కానిచ్చేద్దామన్నాను.

"ఊరి మొదట్లో బోర్డు చూడలేదా? ఫైర్ బ్యాన్ ఉంది," అన్నారు మా ఆయన.

"మంటెవరు పెడుతున్నారండీ? గ్యాస్ స్టవ్ వాడుకోవచ్చని ఆ బోర్డు మీదే ఉంది. పెనం వేడి చేస్తానంతే."

ఆయన నాతో వాదించడం మానేసి చాలా ఏళ్ళయింది, గోంగూర విషయంలో తప్ప.

ఆర్వీ బయట మడత బల్ల మీద స్టవ్ పెట్టి, ఇనప పెనం బాగా కాల్చాను. పిల్లను తూర్పు ముఖంగా నిలబెట్టాను. పిడికెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అనుకుంటూ మూడుసార్లు తిప్పి, పెనం మీద వేశాను. పొగ లేచింది. ఘాటు రాలేదు. మిరపకాయలు కాలితే కోరు రావాలి, దగ్గు రావాలి. రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. "చూశావా, ఎంత దిష్టో!" అని ఇంకో పిడికెడు వేశాను. అదీ చాలదనిపించి మరో పిడికెడు. గుంటూరు మిరపకాయలు. గాలి నా వీపు వైపు నుంచి వీస్తోందని, ఘాటూ పొగా మొత్తం వీధిలోకే పోతున్నాయని నా బుర్రకు తట్టలేదు.

మొదట ఎవరో దగ్గారు. ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే వీధి వీధంతా బయటికొచ్చింది. ఎవరూ అరవలేదు, పరుగెత్తలేదు. ప్రతి మనిషికీ ఒక చేతిలో సంచి ఉంది, ఇంకో చేతిలో కారు తాళాలున్నాయి. ఒకావిడ పసిబిడ్డను చంకనేసుకుని, సంచి భుజాన వేసుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా నిలబడింది. ఎదురు పెద్దాయన నీళ్ళ పైపు పట్టుకుని అడవి వైపు చూస్తున్నాడు. కార్లు స్టార్టవుతున్నాయి. వీధిలో ప్రతి కారూ ముందే రోడ్డు వైపు ముఖం తిప్పి పెట్టి ఉందని అప్పుడు చూశాను.

ఇంటావిడ కారు సూటిగా వచ్చి మా ముందు ఆగింది. వెనక సీట్లో వీపుసంచి, బుట్టలో పిల్లి. ఆవిడ ఇటు వంగి పక్క సీటు తలుపు తెరిచి పట్టుకుంది. పిల్లను చూసి, "ఎక్కు," అంది. మాతో, "మీరు నా వెనకే రండి," అంది.

అవి మిరపకాయలని పిల్లకు తెలుసు. అయినా ఎందుకని అడగలేదు, ఏమీ చెప్పలేదు. వెళ్ళి ఎక్కి కూర్చుంది.

నేను పెనం పట్టుకుని నిలబడిపోయాను. తల కొట్టేసినంత పనైంది. ముప్ఫై ఏళ్ళుగా మాట్లాడుతున్న ఇంగ్లీషు ఒక్క ముక్క నోట రాలేదు. మా ఆయన స్టవ్ ఆపి పెనం మీద నీళ్ళు గుమ్మరించారు. ఇంట్లో పెదవి విప్పని మా అమ్మాయి వీధి మధ్యలోకి పరుగెత్తి, రెండు చేతులూ పైకెత్తి, మంట కాదు, మిరపకాయలు, మా అమ్మ చేసింది, క్షమించండి అని అటు చివరా ఇటు చివరా వినబడేలా ఇంగ్లీషులో అరిచింది. ఒక్కో కారూ ఆగింది. పసిబిడ్డను ఎత్తుకున్నావిడ అక్కడే రోడ్డు అంచున కూలబడి ఏడ్చింది. నన్ను నాలుగు తిట్టింది కూడా. తిట్టించుకోవాల్సిందే, తిట్టించుకున్నాను.

నేను కారు దగ్గరికి వెళ్ళేసరికి ఇంటావిడ ఇంకా స్టీరింగ్ పట్టుకునే ఉంది. ఇంజన్ ఆగింది గానీ చేతులు వదలడం లేదు. పిల్ల ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తోంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మా ఇంటి మెట్టు మీద కూర్చుని ముసలమ్మల చేతుల గురించి చెప్తుంటే ఇది మాటల్లోనే విన్నాను. కళ్ళతో చూడటం అదే మొదలు. రెండు చేతులూ ఒళ్ళోకి వచ్చాక ఆవిడ గట్టిగా తుమ్మింది. పిల్లా తుమ్మింది.

"ఇంతకీ ఏమిటది?" అని అడిగింది ఇంటావిడ.

"నాకు చెడు జరగకూడదని ఆంటీ చేసే పని," అంది పిల్ల ఇంగ్లీషులో.

ఆవిడ నన్ను కాసేపు చూసి, "బాగా పట్టుదల గల ఆంటీ," అంది.

ఆ సాయంత్రమే పిల్లనూ మా అమ్మాయినీ వెంటబెట్టుకుని ప్రతి ఇంటికీ వెళ్ళి క్షమాపణ చెప్పాను. ప్రతి ఇంట్లోనూ వాకిలి తలుపు పక్కన ఒక సంచి. కొందరు అప్పుడే తిరిగి దాని చోట దాన్ని పెడుతున్నారు. పొందిక తక్కువ అని నేను పేరు పెట్టింది దానికే. పెద్దాయన పైపు చుట్టుకుంటూ, ఈసారి వండేముందు ఒక కేక వెయ్యమన్నాడు.

పొద్దున్నే ఆర్వీ మెట్టు మీద కూర్చుని మాడిన పెనం తోముతున్నాను. పిల్ల వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మకు ఏం చెప్తరు ఆంటీ?"

"నీకేం కావాలో చెప్పు ముందు."

"నేను ఉంట ఆంటీ."

"ఈ ఊళ్ళోనా? నిన్న చూశావుగా, ఎలా బతుకుతున్నారో."

"చూసినందుకే. నిన్న ఆమె నా కోసం ఆగింది ఆంటీ. ఆ పొద్దుగాలనే కలిసినం. నా పేరు కూడ సక్కగ పలకరాదు ఆమెకు."

పెనం ఇంకా తోమాను.

మాకు పొద్దున ఎనిమిది, అక్కడ సాయంత్రం. అనుకున్న టైముకు తల్లి ఫోన్ చేసింది. పిల్లను బయటికి పంపించి, ఆర్వీ తలుపు వేసుకుని కూర్చున్నాను. కిటికీలోంచి పిల్ల, మా అమ్మాయి కనిపిస్తున్నారు. ఇంటావిడ వాళ్ళతో తన మొక్కకు కట్టిన కర్ర సరిచేయిస్తోంది.

"చూసిన్రా వదినా? ఇల్లు ఎట్లున్నది?"

"కొత్త ఇల్లు వదినా. శుభ్రంగా ఉంది. గదికి గడియ ఉంది, బస్సు దగ్గర."

"నీళ్ళు?"

"ఇరవై నాలుగు గంటలూ. ధార మా ఇంట్లో కంటే బాగుంది."

"మనుషులు?"

అక్కడ ఆగాను. ఒక్క మాట చాలు. అబద్ధం కూడా అక్కర్లేదు. నిన్న సాయంత్రం వీధి వీధంతా సంచులు పట్టుకుని బయటికొచ్చింది వదినా అని జరిగింది జరిగినట్టు చెప్పినా చాలు. ఆమె వద్దంటుంది. పిల్ల ఎదురు చెప్పదు. సూట్‌కేసు మళ్ళీ ఆర్వీలో పెడతాం. రేపు ఇంటికి చేరి, ఎల్లుండి ఆరింటికి తలుపు తెరుచుకుంటుంది, ఇయ్యాల ఏం కూర అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాకు ఎంత ఇష్టమో, ఎంత కావాలనిపించిందో దాచుకోను.

"ఇంటావిడ సంగతి చెప్తాను వదినా," అన్నాను. "ఏదైనా ముంచుకొస్తే తను బయటపడే ముందు మన పిల్లను కార్లో ఎక్కించుకుంటుంది. నా కళ్ళతో చూశాను. నా పొరపాటు వల్లే చూశాను, అదంతా తర్వాత చెప్తాను. మంచి చోటు. ఉండనివ్వండి."

ఫోన్‌లో ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరు వద్దంటరనుకున్న వదినా," అంది. "మీరే వద్దంటే, అది మల్ల మీ ఇంట్లనే ఉంటదని ధైర్యంగ ఉన్న. నేను వద్దంటే దాని బతుకు ఆపినట్టయితది. అందుకే మిమ్మల్ని పొమ్మన్న."

"నేనూ వద్దందామనే వచ్చాను వదినా."

"మరి?"

"మరేం చెయ్యను, బాగుంది కదా."

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఆయన తలుపు తీసి చూసి, మళ్ళీ వేసేశారు. కాసేపటికి నేనే ముక్కు తుడుచుకుని, పిల్లను పిలుస్తాను మాట్లాడండి అన్నాను.

"ఇప్పుడే పిలవకండి. నేను ఇట్లుంటె అది పోదు," అంది. "మీరు కూడ ఫోన్ పెట్టెయ్యకండి వదినా. జరసేపు ఉండండి."

ఉన్నాను.